అమ్మానాన్నలు వలసలో, పిల్లలు ఊళ్లో



దసరా వెళ్లింది. దీపావళి దగ్గర పడింది. కోస్గి, మద్దూరు, దామరగిద్ద, నారాయణపేట వైపు ఊళ్లలో ఇది మూటలు కట్టే కాలం. వానాకాలం పంట ఎంత చేతికొచ్చిందో తేలిపోయింది, తీర్చాల్సిన అప్పు ఎంత మిగిలిందో అదీ తేలిపోయింది. బొంబాయి బస్సు ఎక్కేవాళ్లు, పుణె పోయేవాళ్లు, హైదరాబాదు అడ్డాల మీదికి చేరేవాళ్లు ఒక్కొక్కరే బయలుదేరుతున్నారు. కొన్ని తండాల నుంచి చెరకు కోతకు కర్ణాటకకు, మహారాష్ట్రకు జంటలు జంటలుగా పోతున్నారు. నల్లగొండ జిల్లా దేవరకొండ, చందంపేట తండాల నుంచి కొందరు హైదరాబాదుకు, ఇంకొందరు కృష్ణ దాటి గుంటూరు మిరప తోటలకు పోతున్నారు.

వలస గురించి మనం చాలా మాట్లాడుకున్నాం. కథలు రాసుకున్నాం, పాటలు కట్టుకున్నాం, కృష్ణా నీళ్ల లెక్కలు తీశాం. ఆ మాటలన్నీ ఎక్కువగా బస్సెక్కి పోయేవాళ్ల గురించి. ఈ రోజు నేను మాట్లాడబోయేది బస్సు దగ్గర నిలబడిపోయేవాళ్ల గురించి. అమ్మానాన్నలు పోతే నాయనమ్మ దగ్గరో, మేనమామ ఇంట్లోనో, ఒక్కోసారి పన్నెండేళ్ల అక్క చేతిలోనో మిగిలిపోయే పిల్లల గురించి. వాళ్లతోపాటు, మరెక్కడి నుంచో మన ప్రాంతానికి పనికొచ్చిన కుటుంబాల పిల్లల గురించి కూడా.

నా మాట ముందే చెప్పేస్తాను. పిల్లలకు సాయం చేస్తున్నామని మనం చేసే పని ఏదైనా సరే, అది పిల్లల్ని తల్లిదండ్రులకు దగ్గర చేస్తోందా, దూరం చేస్తోందా అని చూసుకోవాలి. దూరం చేసేదైతే, దానికి ఎంత మంచి పేరు పెట్టినా అది సాయం కాదు. మన జిల్లాల్లో జరిగిన సంగతులే నాకు ఈ మాట నేర్పాయి.

పాలమూరు అంటే మన పాత మహబూబ్‌నగర్ జిల్లా. పాలమూరు లేబర్ అనే మాట నిజాం కాలం నుంచీ ఉంది. మట్టి పనికీ, రాతి పనికీ, కాల్వల తవ్వకానికీ పాలమూరు మనుషుల్ని మించినవాళ్లు లేరని కాంట్రాక్టర్లు అంటుండేవాళ్లు. 1955 డిసెంబర్ 10న నల్లగొండ జిల్లా నందికొండ దగ్గర జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. ఆ డ్యాం రాతి కట్టడం. వేలాది మంది రాళ్లు మోసి కట్టారు. ఆ రోజుల్లో కుటుంబం మొత్తం కదిలేది. గుంపు మేస్త్రీ వెనక ముసలీ ముతకా, చంటి పిల్లలూ అందరూ పోయేవాళ్లు. చెట్టు కొమ్మకు ఊయల, పక్కన మూడు రాళ్ల పొయ్యి, ఎదురుగా పని. ఆ పిల్లలకు అమ్మ కళ్లముందే ఉండేది గానీ బడి ఉండేది కాదు. పదేళ్లు వచ్చేసరికి వాళ్లూ తట్ట ఎత్తుకునేవాళ్లు.

ఇప్పుడు చాలామంది పిల్లల్ని ఊళ్లో వదిలి పోతున్నారు. ఎందుకు? బడి కోసం. ఈ సంగతి మనం సరిగ్గా గుర్తించడం లేదు. పిల్లల్ని వదిలి పోయినవాళ్లను చూసి, వీళ్లకు పిల్లల మీద మమకారం లేదా అని అడిగేవాళ్లను నేను చూశాను. అది చాలా అన్యాయమైన మాట. నా బతుకు ఎట్లాగూ ఇట్లా అయింది, నా బిడ్డ బతుకన్నా మారాలి అనుకున్న తల్లే బిడ్డను నాయనమ్మ దగ్గర వదిలి బస్సు ఎక్కుతుంది. సర్కారు బడి మీద ఆమెకున్న నమ్మకం అంతటిది. ఆ నమ్మకానికి బదులు చెప్పాల్సింది బడి, ఊరు, మనం.

బడి సాయంత్రం నాలుగు గంటలకు వదులుతుంది. ఆ తర్వాత సంగతేమిటి? మధ్యాహ్నం అన్నం బడిలో దొరుకుతుంది. రాత్రి అన్నం నాయనమ్మ వండాలి. ఆమెకు కళ్లు సరిగ్గా కనబడవు, మోకాళ్లు లేవనివ్వవు. నెలనెలా వచ్చే పింఛనులోనే తన బీపీ మాత్రలు, మనవడి నోటుపుస్తకాలు. అర్ధరాత్రి పిల్లకు జ్వరం వస్తే మండల కేంద్రానికి తీసుకుపోయే మనిషి ఉండడు. బడి నుంచి పెద్దసారు కబురు పెడితే, పేపర్ మీద సంతకం పెట్టాల్సిన తండ్రి బొంబాయి పక్కన భివండీలో ఉంటాడు. ఆదివారం పొద్దున పిల్లవాడు అడుగుతాడు, నాయిన ఎప్పుడొస్తడని. ఉగాదికి వస్తడు బిడ్డా అంటుంది నాయనమ్మ. ఉగాది ఎప్పుడో ఆ పిల్లవాడికి తెలియదు. ఆమెకు ఉగాది తెలుసు గానీ కొడుకు వస్తాడో లేదో తెలియదు.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. ఏడో తరగతి, ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి తమ్ముళ్లకు తల్లి అయిపోతుంది. పొద్దున నీళ్లు, వంట, తమ్ముడి స్నానం అయ్యాకే బడి. ఆలస్యంగా వస్తుంది, అటెండెన్సులో గైర్హాజరు పడుతుంది, పరీక్షలో వెనకబడుతుంది. వయసొచ్చిన పిల్లను ఎవరి దగ్గర వదిలి పోవాలి అన్న భయంతో, బొంబాయి పోయే ముందే పెళ్లి చేసి పంపేవాళ్లు ఉన్నారు. పదిహేనేళ్లకే. బాల్యవివాహం గురించి మనం గోడల మీద రాస్తాం, పాటలు పాడిస్తాం. మంచిదే. కానీ ఆ తల్లికి కావాల్సింది గోడ మీద రాత కాదు. ఈ ఆరు నెలలు నా బిడ్డ ఎక్కడ క్షేమంగా పడుకుంటుంది అన్న ప్రశ్నకు జవాబు కావాలి. 2004 నుంచి నడుస్తున్న, ఆడపిల్లలు అక్కడే ఉండి చదువుకునే కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు ఆ జవాబుల్లో ఒకటి. మా వైపు ఎన్నో పెళ్లిళ్లు అట్లా ఆగాయి.

పసివాళ్ల మనసులో ఈ ఎడబాటు ఏం చేస్తుందో తెలుసుకోవడానికి కాస్త దూరం పోదాం. 1939 సెప్టెంబర్‌లో రెండో ప్రపంచ యుద్ధం మొదలైనప్పుడు, లండన్ మీద బాంబులు పడతాయని బ్రిటన్ ప్రభుత్వం లక్షలాది మంది పిల్లల్ని రైళ్లెక్కించి పల్లెలకు పంపించింది. ప్రాణాలు కాపాడాలన్న మంచి ఉద్దేశంతోనే. ఆ కాలంలోనే అన్నా ఫ్రాయిడ్ అనే మనోవిశ్లేషకురాలు, తన స్నేహితురాలు డొరతీ బర్లింగ్‌హామ్‌తో కలిసి లండన్ హాంప్‌స్టెడ్‌లో పసిపిల్లల కోసం సంరక్షణ కేంద్రాలు నడిపారు. అన్నా ఫ్రాయిడ్ స్వయంగా శరణార్థి. 1938లో నాజీల నుంచి తప్పించుకుని వియన్నా నుంచి తండ్రితో పాటు లండన్ చేరారు. ఆ కేంద్రాల్లో వాళ్లు గమనించింది ఒకటే. తల్లి పక్కన ఉంటే బాంబుల మధ్య కూడా చాలామంది పిల్లలు తట్టుకున్నారు. ఎక్కడో క్షేమంగా, అమ్మ లేకుండా ఉన్న పిల్లలే ఎక్కువ కుంగిపోయారు. మాటలు మరిచిపోయారు, పక్క తడిపారు, వయసు వెనక్కి పోయినట్టు ప్రవర్తించారు.

అప్పుడు వాళ్లు చేసిన పని చూడండి. పిల్లలందర్నీ ఒక గుంపుగా పెంచడం మానేశారు. ఒక్కొక్క సహాయకురాలికి నలుగురైదుగురు పిల్లల్ని అప్పగించారు. స్నానం చేయించేది, అన్నం పెట్టేది, నిద్రపుచ్చేది అదే మనిషి. తల్లిదండ్రులు ఏ వేళలో వచ్చినా తలుపు తీశారు. పిల్లలు మెల్లగా తేరుకున్నారు. ఇన్నేళ్లయినా అంతకంటే గట్టి పాఠం నాకు కనబడలేదు. ఎడబాటు తప్పనప్పుడు పిల్లకు కావాల్సినవి రెండు. తనకంటూ ఒక పెద్ద మనిషి. అమ్మానాన్నలతో తెగని సంబంధం.

ఈ రెండూ ఇచ్చే ఏర్పాటు మన పాలమూరులోనే జరిగింది. సర్వశిక్షా అభియాన్ కాలంలో మొదలైన సీజనల్ హాస్టళ్ల గురించి చెబుతున్నాను. వలస ఎక్కువగా ఉన్న ఊళ్లలో, ఆ ఊరి సర్కారు బడిలోనే, అమ్మానాన్నలు లేని ఆరు నెలలూ పిల్లల్ని ఉంచుకుని చూసుకునే పద్ధతి అది. పగలు పాఠాలు చెప్పిన గదుల్లోనే రాత్రి పడక. ఊరి మహిళే వంట చేస్తుంది. ఊరి చదువుకున్న యువకుడో యువతో సాయంత్రం చదివిస్తారు. పెద్ద భవనం అక్కర్లేదు. దీని గొప్పతనం ఏమిటంటే, పిల్ల ఊరు మారదు, బడి మారదు, స్నేహితులు మారరు. నాయనమ్మ ఇల్లు పక్క వీధిలోనే ఉంటుంది. సాయంత్రం పోయి ఆమెను చూసి రావచ్చు. జ్వరం వస్తే పక్కన మనిషి ఉన్నాడు. అమ్మానాన్నలు పండక్కి వస్తే నేరుగా బడికే వస్తారు.

ఇటువంటి ఏర్పాటుకు ఒక్కటే ప్రాణం. అది బస్సు కంటే ముందు తెరుచుకోవాలి. హాస్టల్ ఉంటుందన్న మాట దసరాకు ముందే ఊళ్లో చాటింపు కావాలి. జంట బయలుదేరిపోయాక, పిల్లల్ని కూడా తీసుకుపోయాక, జనవరిలో మంజూరు కాగితం వస్తే దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. ఈ మాట వింటున్న అధికారులెవరైనా ఉంటే, ఒక్క ఈ సంగతి మనసులో పెట్టుకోవాలని చేతులెత్తి అడుగుతున్నాను. వలసకు ఒక క్యాలెండర్ ఉంది. మన కాగితాలు ఆ క్యాలెండర్ ప్రకారం నడవాలి.

గురుకులాలు ఉన్నాయి కదా అని అడగొచ్చు. ఉన్నాయి, వాటి విలువ చిన్నది కాదు. పి.వి.నరసింహారావు గారి చొరవతో 1971లో మొదటి గురుకులం మొదలైంది కూడా అప్పటి నల్లగొండ జిల్లా సర్వేల్‌లోనే. కూలీల పిల్లలు, పశువులు కాసినవాళ్ల పిల్లలు అక్కడ చదివి ఎంతో ఎత్తుకు ఎదిగారు. కానీ గురుకులంలో ప్రవేశం మామూలుగా అయిదో తరగతి నుంచి, అదీ పరీక్ష రాసి. రెండో తరగతి పిల్లవాడికి, అంగన్‌వాడీ వయసు చెల్లెలికి గురుకులం లేదు. ఉండకూడదు కూడా. ఆ వయసులో పిల్లలకు ఊరే హాస్టల్ కావాలి.

కొందరు పిల్లల్ని వదలలేక వెంట తీసుకుపోతారు. వాళ్లకు చట్టం ఏమిచ్చిందో చాలామందికి తెలియదు, అందుకని నిదానంగా చెబుతాను. 2010 ఏప్రిల్ 1 నుంచి విద్యాహక్కు చట్టం అమల్లో ఉంది. అందులో 5వ సెక్షన్ ప్రకారం, ఒక బడి నుంచి మరో బడికి, ఈ రాష్ట్రం నుంచి ఆ రాష్ట్రానికి అయినా సరే, మారే హక్కు పిల్లలకు ఉంది. అడిగిన వెంటనే హెడ్‌మాస్టర్ టీసీ ఇవ్వాలి. ఇంకో ముఖ్యమైన మాట, టీసీ ఆలస్యమైందని కొత్త బడిలో చేర్చుకోకుండా ఆపడానికి వీల్లేదు. వయసు ధ్రువపత్రం లేదని వెనక్కి పంపడానికీ వీల్లేదు. వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదని 9వ సెక్షన్ విడిగా చెప్పింది. మధ్యలో చదువు ఆగిన పిల్లకు వయసుకు తగిన తరగతిలోనే చోటిచ్చి, వెనకబడిన పాఠాలకు ప్రత్యేక శిక్షణ ఇవ్వాలి. చట్టంలో ఉన్న మాట ‘ప్రతి బిడ్డ’. ఆ మాటలో మన పాలమూరు పిల్ల ఉంది, ఒడిశా పిల్ల ఉంది, హైదరాబాదు బాలాపూర్‌లో తలదాచుకున్న రోహింగ్యా పిల్లవాడూ ఉన్నాడు.

ఒడిశా పిల్ల అన్నాను కదా. ఇప్పుడు ఆ వైపు చూద్దాం.

మనం బొంబాయికి పోయే రోజుల్లోనే మన దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. ఒడిశాలోని బలంగీర్, నువాపాడా, కలహండి జిల్లాల నుంచి ఏటా వేలాది కుటుంబాలు ఇటుక బట్టీలకు వస్తాయి. అక్కడ నువాఖాయి పండగ నాటికి అడ్వాన్సు తీసుకుంటారు, చలికాలం మొదలయ్యేసరికి ఇక్కడికి చేరతారు. బీబీనగర్, బొమ్మలరామారం వైపు బట్టీల దగ్గర చూడండి, వంగితే గాని లోపలికి పోలేని గుడిసెలు ఉంటాయి. ఇటుకల లెక్క మీద కూలి. ఎన్ని చేతులు పని చేస్తే అన్ని ఇటుకలు. కాబట్టి పిల్లల చేతులూ కలుస్తాయి. వాళ్లకు తెలుగు రాదు. మన బడి పక్కనే ఉన్నా వాళ్లది కాదు.

2017 జనవరిలో, తప్పిపోయిన పిల్లల్నీ పనిలో ఉన్న పిల్లల్నీ వెతికే ఆపరేషన్ స్మైల్ సమయంలో రాచకొండ పోలీసులు యాదాద్రి జిల్లా బట్టీల్లో పని చేస్తున్న ఒడిశా పిల్లల్ని పెద్ద సంఖ్యలో గుర్తించారు. అప్పుడు ఎవరికైనా ముందు తోచే ఆలోచన ఏమిటి? పిల్లల్ని వెంటనే ఏదైనా హోమ్‌కు తరలించడం. కానీ తల్లిదండ్రులు బట్టీలోనే ఉన్నారు. తల్లి ఇక్కడ ఉండగా పిల్లను ఎక్కడికి తీసుకుపోతాం? మన ప్రాంతంలో కొన్నిచోట్ల దొరికిన జవాబు బట్టీ దగ్గరే బడి పెట్టడం. వర్క్‌సైట్ స్కూల్ అంటారు. ఒడియా తెలిసిన టీచర్, ఒడిశా నుంచి తెప్పించిన ఒడియా పుస్తకాలు, మధ్యాహ్న భోజనం. ఇటుకలు మోసిన పిల్ల పొద్దున బడికి పోతుంది, సాయంత్రం అమ్మ దగ్గరికే వస్తుంది. వానాకాలానికి సొంత ఊరికి పోయినప్పుడు అక్కడి బడిలో తన పాఠం తాను అందుకుంటుంది. పోలీసులు, విద్యాశాఖ, స్వచ్ఛంద సంస్థలు, బట్టీ యజమానులు అందరూ చెయ్యి కలిపితేనే ఇది నడుస్తుంది. నడిచిన చోట నేను చూసింది ఒక మంచి పని. పిల్ల పని మానింది, తల్లిని వదల్లేదు.

బొంబాయిలో మన పిల్లలకు ఎవరైనా ఒక తెలుగు టీచర్‌ను పెడితే మనకెంత సంతోషం! అదే సంతోషం బలంగీర్ తల్లికి మనం ఇవ్వగలం. వలస బాధ తెలిసిన జిల్లాలు మనవి. మనమే ఆ పిల్లల్ని పట్టించుకోకపోతే ఇంకెవరు పట్టించుకుంటారు?

ఇప్పుడు చెప్పబోయేది చెప్పడానికి కష్టంగా ఉంది. కానీ చెప్పకుండా ఈ ప్రసంగం పూర్తి కాదు. 1999లో, మళ్లీ 2001లో దేవరకొండ ప్రాంతపు లంబాడీ తండాల పేరు దేశమంతా వినబడింది. పుట్టిన కొద్ది రోజులకే ఆడశిశువుల్ని తల్లుల దగ్గర కొద్దిపాటి డబ్బులిచ్చి తీసుకుని, హైదరాబాదులోని కొన్ని దత్తత సంస్థల ద్వారా విదేశాలకు పంపిస్తున్నారని బయటపడింది. దళారులు తండాల్లో తిరిగి గర్భిణుల జాబితాలు పెట్టుకున్నారు. దాన్ని కొందరు అప్పట్లో సమర్థించారు కూడా. తండాలో ఆకలితో ఉండే కంటే అమెరికాలోనో యూరప్‌లోనో పెరగడం మంచిదే కదా అన్నారు. కరువు, కట్నం, నీళ్లు లేని భూమి, రోగాలు, ఇవన్నీ ఆ తల్లి మెడ మీద పెట్టి, వాటికి పరిష్కారంగా ఆమె ఒడిలోని బిడ్డను తీసుకుపోయారు. ఆ తర్వాత అప్పటి ప్రభుత్వం పిల్లల్ని అట్లా వదులుకునే పద్ధతికి అడ్డుకట్ట వేసింది. ఇప్పటి 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, ఎవరైనా బిడ్డను పెంచలేక అప్పగించినా, మనసు మార్చుకోవడానికి రెండు నెలల గడువు ఉంటుంది. పిల్లల్ని సంస్థల్లో పెట్టడం ఆఖరి మార్గమే కావాలని ఆ చట్టం సూత్రంగానే రాసింది.

దత్తత చెడ్డదని నేను అనడం లేదు. ఎవరూ లేని బిడ్డకు దత్తత ఇల్లు ఇస్తుంది. కానీ తల్లి ఉన్న బిడ్డకు పేదరికానికి మందుగా ఎడబాటును ఇవ్వకూడదు. తల్లికి ఆసరా ఇస్తే బిడ్డ ఆమె దగ్గరే ఉంటుంది. మిషన్ వాత్సల్య కింద ఇప్పుడు స్పాన్సర్‌షిప్ అనే పథకం ఉంది. ఒంటరి తల్లులు, తల్లిదండ్రుల్ని పోగొట్టుకుని బంధువుల దగ్గర పెరిగే పిల్లలు, ప్రాణాంతక జబ్బుతో మంచం పట్టినవాళ్ల పిల్లలు, ఇట్లాంటి కుటుంబాల్లో బిడ్డకు నెలకు 4,000 రూపాయలు ఇస్తారు, ఇల్లు దాటిపోకుండా. దరఖాస్తు జిల్లా బాలల సంరక్షణ విభాగంలో. ఎంతమంది నాయనమ్మలకు ఈ సంగతి తెలుసు? అంగన్‌వాడీ టీచర్లు, ఆశా కార్యకర్తలు ఒక్కసారి తమ ఊళ్లో ఆలోచించి చూడాలి, ఇది ఎవరికి అందాలో.

అమెరికా మాట వచ్చింది కనుక ఇంకొకటి. 2018లో ఆ దేశపు దక్షిణ సరిహద్దులో, ఆశ్రయం కోరి వచ్చిన కుటుంబాల నుంచి పిల్లల్ని విడదీశారు. అంతకుముందు ఏడాది నుంచి లెక్క వేస్తే అట్లా విడిపోయిన పిల్లలు అయిదు వేలకు పైగా తేలారు. లోకమంతా తిట్టింది. జూన్‌లో ఒక న్యాయమూర్తి, అయిదేళ్ల లోపు పిల్లల్ని 14 రోజుల్లో, మిగతావాళ్లను 30 రోజుల్లో తల్లిదండ్రుల దగ్గరికి చేర్చమని ఆదేశించారు. గడువులోగా అందర్నీ చేర్చలేకపోయారు. ఎందుకో తెలుసా? ఏ బిడ్డ ఏ తల్లిదో సరిగ్గా రాసి పెట్టలేదు. బిడ్డ పేరు ఒక శాఖ దగ్గర, తల్లి పేరు మరో శాఖ దగ్గర. రెండింటినీ కలిపే కాగితం లేదు. కంప్యూటర్లు, ఉపగ్రహాలు ఉన్న దేశంలో కొంతమంది పిల్లలు ఏళ్ల తరబడి అట్లా ఉండిపోయారు.

ఇది విని అమెరికాను తిట్టి ఊరుకోవద్దు. మన దగ్గర ఆ కాగితం ఉందా? చెరకు కోతకు పోయే మొగుడూ పెళ్లాల్ని కలిపి ఒక కొడవలిగా లెక్కేస్తారు. పిల్లల లెక్క ఎవరి పుస్తకంలోనూ ఉండదు. 1979లోనే అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టర్‌కు లైసెన్సు ఉండాలి, కూలీల పేర్లు నమోదు కావాలి అని చెప్పింది. ఆ నమోదు ఎంత జరిగిందో వలస పోయిన ప్రతి ఊరికీ తెలుసు. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ పెట్టినప్పుడు అది బయటపడింది. బొంబాయిలో పాలమూరు వాళ్లు ఎంతమంది, ఏ బస్తీలో, ఎవరి కింద పని చేస్తున్నారు అంటే చెప్పగలిగిన పుస్తకం లేదు. వాళ్ల పిల్లలు ఊళ్లలో ఫోన్ల దగ్గర కూర్చున్నారు. ఆ ఏప్రిల్‌లోనే మన ములుగు జిల్లా మిరప తోటల నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని తన ఊరికి కాలినడకన బయలుదేరిన పన్నెండేళ్ల అమ్మాయి, మూడు రోజులు నడిచి, ఇంటికి కొద్ది దూరంలో ప్రాణం విడిచింది. ఆమె వెంట తల్లి లేదు, తండ్రి లేడు. ఊరివాళ్లతో కూలికి వచ్చిన బిడ్డ. పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా పనికి రావడం మనకు కొత్త కాదు. గద్వాల వైపు పత్తి విత్తనాల చేలలో, పూలను చేత్తో కలిపే క్రాసింగ్ పనికి అట్లా ఎంతమంది బిడ్డలు వచ్చారో ఆ ఊళ్లు మరిచిపోలేదు.

అందుకే ప్రతి బడికీ ఒక నోటుపుస్తకం కావాలంటాను. అంత పెద్ద పని కాదిది. దసరా సెలవుల ముందు ప్రతి తరగతి టీచర్ అడగాలి, ఈసారి మీ ఇంట్లో ఎవరు పోతున్నారు, ఎక్కడికి, ఏ మేస్త్రీ కింద, ఫోన్ నంబర్ ఏమిటి, నువ్వు ఎవరి దగ్గర ఉంటావు అని. బిడ్డ పేరు పక్కన తల్లి నంబర్, తండ్రి నంబర్, మేస్త్రీ నంబర్, ఊళ్లో చూసుకునే మనిషి పేరు. ఒక ప్రతి బడిలో, ఒక ప్రతి పంచాయతీ కార్యదర్శి దగ్గర, ఒక ప్రతి బస్సెక్కే తల్లి చేతి సంచిలో. పోయేచోట పిల్లల్ని బడిలో వేయాలనుకుంటే టీసీ ఆ రోజే రాసి ఇవ్వాలి.

ఆ పుస్తకం ఉంటే ఇంకో పని జరుగుతుంది. వారానికి ఒకసారి, బడి ఫోన్ నుంచో టీచర్ ఫోన్ నుంచో, పిల్లలు అమ్మానాన్నలతో మాట్లాడొచ్చు. వీడియో ఉంటే ఇంకా మంచిది. ఎప్పుడు వస్తుందో తెలియని ఫోన్ కోసం ఎదురుచూసే పిల్లకూ, ఆదివారం పొద్దున తొమ్మిదికి అమ్మ మొహం కనబడుతుందని తెలిసిన పిల్లకూ చాలా తేడా ఉంటుంది. అమ్మ అడగాలి, నిన్న ఏ పాఠం చెప్పారు, తమ్ముడి దగ్గు తగ్గిందా, బర్రె ఈనిందా అని. ఎప్పుడొస్తావు అని బిడ్డ అడిగితే అబద్ధం చెప్పొద్దు. రేపు వస్తా అని చెప్పి రాకపోతే ఆ బిడ్డ ఇంకెవరి మాటా నమ్మదు. సంక్రాంతికి రాలేను, ఉగాదికి వస్తా అని చెప్పి, గోడ మీద క్యాలెండర్‌లో ఉగాది చుట్టూ గీత గీయించండి.

టీచర్లకు ఒక మనవి. నవంబర్ తర్వాత తరగతిలో ఒక పిల్లవాడు ఉన్నట్టుండి మాట్లాడటం మానేస్తే, ఎప్పుడూ గొడవ పడుతుంటే, ఎనిమిదేళ్లొచ్చినా పక్క తడుపుతున్నాడని నాయనమ్మ చెబితే, వాడిని మొద్దు అనీ మొండి అనీ అనకండి. వాడి అమ్మ ఏ నెల పోయిందో అడగండి. రోజూ వాడిని పేరు పెట్టి పలకరించే ఒక్క మనిషి బడిలో ఉంటే చాలు, చాలా మారుతుంది. అది మీరు కావొచ్చు, వంట చేసే అమ్మ కావొచ్చు.

ఊళ్లో ఉన్న పెద్దలకు, మహిళా సంఘాల అక్కచెల్లెళ్లకు కూడా ఒక మాట. ఏ ఇంట్లో ముసలమ్మ దగ్గర పిల్లలున్నారో మీకు తెలుసు. రేషన్ ఇప్పుడు ఎక్కడైనా తీసుకోవచ్చు. అదే కార్డు మీద కొంత భాగం ఊళ్లో, కొంత భాగం పోయినచోట తీసుకునే వీలుంది. ఆ సంగతి ఆమెకు చెప్పి, డీలర్ దగ్గరికి ఒకరు తోడు పోవాలి. పిల్లకు జ్వరం వస్తే ఎవరి మోటార్‌సైకిల్ వస్తుందో ముందే అనుకుని పెట్టుకోవాలి. పదమూడేళ్ల పిల్లకు పెళ్లి మాటలు నడుస్తున్నాయని తెలిస్తే ఊరుకోకూడదు.

ఈ ఎడబాటు పేదవాళ్లకే అనుకోకండి. అమెరికాలో ఉద్యోగాలు చేసే మన తెలుగువాళ్లలో ఆర్నెల్ల బిడ్డను తెచ్చి ఇక్కడ అమ్మమ్మ దగ్గర వదిలి, రెండేళ్లకు వచ్చి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు. ఆ బిడ్డ అప్పుడు అమ్మమ్మను వదలలేక ఏడుస్తుంది, కన్నతల్లి కొత్త మనిషిలా నిలబడుతుంది. వాళ్లకు డబ్బుంది, విమానం టికెట్ కొనగలరు. అయినా ఆ రెండేళ్లు తిరిగి రావు. మరి చేతిలో అడ్వాన్సు తప్ప ఏమీ లేని జంట సంగతి ఆలోచించండి.

1989లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో భారతదేశం 1992 డిసెంబర్‌లో చేరింది. తల్లిదండ్రుల నుంచి విడిపోయిన బిడ్డకు వాళ్లతో క్రమంగా కలుస్తూ మాట్లాడుతూ ఉండే హక్కు ఉందని అందులో రాసి ఉంది. శరణార్థి పిల్లలకూ అదే హక్కు. అంటే ఆదివారం ఫోన్ మనం దయతో ఇచ్చేది కాదు. అది ఆ బిడ్డది.

వలస ఆగాలి. కృష్ణా నీళ్లు కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా ఎత్తిపోతలతో వచ్చిన ఊళ్లలో వలస తగ్గడం మనం కళ్లారా చూశాం. నీళ్లు రాని నారాయణపేట, కొడంగల్ వైపు ఊళ్లకూ అవి రావాలి. అప్పటిదాకా ఏటా దసరా వస్తుంది, బస్సులు వస్తాయి, పిల్లలు మిగులుతారు. వాళ్లు నీళ్ల కోసం ఆగి పెరగరు.

వింటున్నవాళ్లలో హెడ్‌మాస్టర్లు ఉంటే, ఆ నోటుపుస్తకం ఈ సోమవారమే మొదలుపెట్టండి. బస్సెక్కబోయే తల్లిదండ్రులు ఉంటే, పోయే ముందు బడికి వెళ్లి మీ నంబర్ రాయించండి, టీసీ కావాలంటే అడిగి తీసుకోండి, అది మీ హక్కు. ఎవరూ లేకుండా తిరుగుతున్న బిడ్డ, బట్టీలోనో చేలోనో హోటల్‌లోనో పని చేస్తున్న బిడ్డ, పెళ్లి చేయబోతున్న బిడ్డ మీ కంట పడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు. దొరికిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందు హాజరు పరచాలి. అక్కడ మీరు అడగాల్సిన మొదటి మాట, ఈ బిడ్డ అమ్మానాన్నలు ఎక్కడున్నారు, వాళ్లకు కబురు పెట్టారా అని. నంబర్ మళ్లీ చెబుతున్నాను, రాసుకోండి. ఒకటి, సున్నా, తొమ్మిది, ఎనిమిది.